ఛాయాచిత్ర సంస్కరణము: సత్యవిచారము

ఛాయాచిత్రము అబద్ధమాడదని లోకమునఁ జాలకాలముగా నొక నమ్మిక గలదు. చిత్రకారుఁడు తన యిచ్చకొలఁది వ్రాయును. యంత్రమునకు ఇచ్చ లేదు. కావున యంత్రము చూపినది ఉన్నది యున్నట్లే యుండుననుట ఆ నమ్మికకు మూలము. నేఁడు ఆ యంత్రమునకే యిచ్చ కలిగినట్లున్నది. కంప్యూటరునందో చేతిలోని ఫోనునందో నిమిషమాత్రమున ఆకాశమును మార్పవచ్చును, ఉన్నవానిని తొలఁగింపవచ్చును, లేనివానిని నిలుపవచ్చును. ఇట్టి డిజిటల్ సంస్కారము పొందిన ఛాయాచిత్రమును సత్యమనవచ్చునా కూడదా యని పత్రికలవారును న్యాయవాదులును తర్కించుచున్నారు. సాహిత్యపరిశోధకులమగు మనకు దీనితోఁ బనియేమి యని కొందఱు తలంపవచ్చును. పని గలదు. ఇప్పుడు శాసనములును తాళపత్రములును మనయొద్దకు వచ్చుట ఛాయాచిత్రరూపముననే. శిల యున్న యూరికిఁ బోయి చూచువారు తక్కువ. ఫోనులో వచ్చిన బొమ్మను చూచి పాఠమును నిర్ణయించువారు ఎక్కువ. ఆ బొమ్మలలోఁ బెక్కులు శుభ్రపఱుపఁబడియే వచ్చుచున్నవి. కావున నీ ప్రశ్న మన పాఠనిర్ణయమునకుఁ బునాదిని ముట్టుచున్నది.

ముందుగా నా తప్పునే చెప్పుకొందును. కొంతకాలము క్రిందట విజయనగరప్రాంతమున నొక గృహస్థుని యింటనున్న తాళపత్రప్రతియొక్క ఛాయాచిత్రములు నాకు ఫోనుద్వారా చేరినవి. గ్రామవర్ణనముతోఁ గూడిన చిన్న పద్యకృతి యది. ఆకులు తెల్లఁగా, అక్షరములు నల్లఁగా, కన్నులపండువుగా నున్నవి. అందొక పద్యమున ‘ఊరి చెలువు’ అని స్పష్టముగాఁ గనఁబడినది. ఆ మాటపై నేను రెండుపుటల వ్యాఖ్య వ్రాసి, ఊరి సౌందర్యమునంతయు నొక్క మాటలో నిమిడ్చిన కవి నేర్పును మెచ్చుకొని, ఒక సభలోఁ జదివితిని. పిమ్మట ఆ యింటికిఁ బోయి ఆకును చేతఁ బట్టి చూడఁగా ఆ చోట నక్షరమే లేదు. ‘చె’ కారమునకును ‘వు’ కారమునకును నడుమ పురుగు తొలిచిన బెజ్జము గలదు. బొమ్మను శుభ్రపఱచిన సాఫ్టువేరు ఆ బెజ్జమును మచ్చగా నెంచి పూడ్చి, తనకుఁ దోఁచిన యక్షరమును అందు నిలిపినది.

అక్కడ నుండఁదగినది ‘చెలువు’ కావచ్చును, ‘చెఱువు’ కావచ్చును. రెండును మూఁడు లఘువుల మాటలే గనుక గణము తీర్పు చెప్పదు. పాదమధ్యమగుటచేఁ బ్రాసమును చెప్పదు. కాని తరువాతి పాదముననే తూము ప్రస్తావన గలదు. తూము చెఱువునకుండును గాని చెలువునకుండదు. బొమ్మ యంత చక్కఁగా లేకుండినచో నేను తూమును చూచియుందును. లోపము కనఁబడినచోట బుద్ధి మేల్కొనును. లోపము పూడినచోట బుద్ధి నిద్రించును. నన్ను మోసగింపవలెనని యెవ్వరును తలంపలేదు. బొమ్మ పంపిన విద్యార్థి, వయసు మీఱుచున్న నా కన్నులకు శ్రమ తగ్గింపవలెననియే శుభ్రపఱచెను. మోసగించువాఁడు లేకయే మోసము జరిగినది. ఈ వింతయే యీ వ్యాసమునకుఁ గారణము.

ఛాయాచిత్రము తొలినాళ్ల నిర్దోషముగా నుండెననియు, కంప్యూటరు వచ్చి దానిని చెఱచెననియు ననుట చరిత్రకు విరుద్ధము. 1839లో డాగేరు పద్ధతి ఫ్రాన్సుదేశమునఁ బ్రకటింపఁబడెను. మఱుసటి యేఁటనే, అనఁగా 1840లో, ఆ దేశమువాఁడే యగు ఇప్పొలీత్ బయార్ అనువాఁడు, తాను కనిపెట్టిన పద్ధతికిఁ దగిన గౌరవము లభింపలేదను కినుకతో, నీటఁ బడి చచ్చినవానివలెఁ గన్నులు మూసి తన ఛాయాచిత్రమును తానే తీసికొని, ఇది బయారుని శవమని దాని వెనుక వ్రాసెను. బొమ్మలో నొక రేఖయైనను మార్పఁబడలేదు. అయినను అది చెప్పినది సత్యము కాదు. అసత్యము ఆతఁడు కూర్చుండిన తీరులోను, వెనుకనున్న వ్రాతలోను గలదు. ఛాయాచిత్రవిద్యకు ఏడాది నిండుటతోనే ఛాయాచిత్రకల్పనయుఁ బుట్టినదన్నమాట. కంప్యూటరు చేసినది యా కల్పనను సులభము చేయుట, దాని జాడను దొరకకుండఁ జేయుట.

జాడ దొరకవలెనన్న మార్పుల జాతులను మొదట నెఱుఁగవలెను. శబ్దమునకుఁ గలుగు మార్పులను నైరుక్తసంప్రదాయము ఐదువిధములుగా నెన్నినది: వర్ణాగమము, వర్ణవిపర్యయము, వర్ణవికారము, వర్ణనాశము, ధాతువునకు అర్థాతిశయముతోడి యోగము. ఛాయాచిత్రములకుఁ జేయఁబడిన ప్రసిద్ధములగు మార్పులను ఈ యైదింటిక్రింద నుంచి చూతము.

నాశమునకు ఉదాహరణము రుష్యాదేశమునఁ గలదు. 1937లో మాస్కో వోల్గా కాలువగట్టున స్టాలినుప్రక్క నడచుచున్న నికొలాయ్ యెఝోవు అను అధికారి యొక ఛాయాచిత్రమునఁ గనఁబడును. 1940లో ఆతనికి మరణశిక్ష జరిగెను. తరువాతఁ బ్రకటింపఁబడిన ప్రతిలో ఆతఁడు నిలిచినచోట కాలువనీరు మాత్రమే గలదు. విపర్యయమునకు ఉదాహరణము 1982 ఫిబ్రవరి నెల నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికయొక్క ముఖపత్రము. అడ్డముగాఁ దీసిన చిత్రమును నిలువుపుటలో నిముడ్చుటకై ఐగుప్తుదేశపు పిరమిడులు రెంటిని కంప్యూటరుతో దగ్గఱకు జరిపిరి. రాయి రాయిగనే యున్నది. చోటు మాత్రము తప్పినది. వికారమునకు ఉదాహరణము 1994 జూను 27వ తేది టైమ్ పత్రిక. అమెరికాదేశమున హత్యాభియోగము పొందిన ఓ.జే. సింప్సన్ యొక్క పోలీసు ఛాయాచిత్రమును ఆ పత్రిక ముఖచ్ఛాయ నల్లబఱచి ప్రకటించెను. అదే చిత్రమును అదే వారమున మఱియొక పత్రిక మార్పక ప్రకటించుటచే రెంటిని ప్రక్కప్రక్కనుంచి జనులు భేదమును గుర్తించిరి. మఱుసటి యేఁట న్యాయస్థానము ఆ హత్యాభియోగమున నతఁడు దోషి కాఁడని తీర్పు చెప్పెను. ఆ నలుపు మాత్రము ముందే తీర్పు చెప్పినట్లుండెను.

ఆగమము నేఁటి ఫోనులలోఁ గలదు. 2023 మార్చినెలలో ఒకఁడు చంద్రబింబచిత్రమును బుద్ధిపూర్వకముగా మసకబఱచి, కంప్యూటరు తెరపై నుంచి, చీఁకటిగదిలో దూరమునుండి సామ్‌సంగ్ ఫోనుతో దానిని తీసెను. తెరమీఁది చంద్రునియందు లేని మచ్చలు ఫోనులోని చంద్రునియందుఁ గనఁబడెను. ఫోనునకుఁ జంద్రుఁడిట్లుండునని ముందే నేర్పియుండిరి గనుక అది తన యెఱుకనుండి మచ్చలను సమకూర్చెను. ఇఁక నైదవది యన్నిటికంటె సూక్ష్మమైనది: రూపమున మార్పు లేకయే అర్థమును మార్చుట. 2018 అక్టోబరు 11వ తేదిని తిత్లీ తుపాను పలాసప్రాంతమునఁ దీరము దాఁటి ఉద్దానపుఁ గొబ్బరితోఁటలను, జీడితోఁటలను నేలఁ గూల్చినది. ఎక్కడనో యెన్నఁడో పడిన చెట్ల బొమ్మను తెచ్చి ఇవి యుద్దానపుఁ జెట్లని యెవఁడైనఁ జూపినచో, ఆ బొమ్మలో నొక చుక్కయు మాఱకున్నను వాఁడు చెప్పినది యసత్యమే. బయారు చేసిన పనియు నిట్టిదే.

ఇందుఁ గ్రహింపవలసినది యొకటి గలదు. ఈ యైదు మార్పులును శబ్దశాస్త్రమున దోషములుగా నెన్నఁబడలేదు. ఆగమమును, ఆదేశమును, లోపమును విధించుటయే వ్యాకరణముయొక్క పని. మఱి పదమును మార్చు వైయాకరణుని అసత్యవాది యని యేల యనము? ఆతఁడు మార్పును సూత్రముతో నందఱయెదుటఁ జెప్పి చేయును. ఆదేశము వచ్చినను దాని స్థాని యేదో తెలియుచునే యుండును. ఆదేశమును స్థానివలెఁ జూచు పద్ధతియుఁ గలదు. ప్రత్యయము లోపించినను ఆ లోపించిన ప్రత్యయమును నిమిత్తముగాఁ జేసికొని కార్యములు జరుగును. పోయినదానిని వ్యాకరణము మఱవదు. సిద్ధరూపమును చేతికిచ్చినచో విద్యార్థి ప్రక్రియనంతయు వెనుకకు నడపి ప్రకృతిప్రత్యయములను చేరఁగలఁడు. ఛాయాచిత్రమునకును ఇదే పరీక్ష. వెనుకకు నడచి మూలమును చేరుటకు వీలైన సంస్కారము సాధువు. వెనుకదారి మూసివేసిన సంస్కారము, ఎంత స్వల్పమైనను, అసాధువు.

ఇట్లనఁగానే సత్యాసత్యములు బొమ్మయందున్నవా, బొమ్మను చూపువానియందున్నవా యను ప్రశ్న వచ్చును. నా యభిప్రాయమున బొమ్మ వాక్యము కాదు, పదమువంటిది. ‘గుఱ్ఱము’ అను పదమొకటియే సత్యమును గాదు, అసత్యమును గాదు. ‘ఇక్కడ గుఱ్ఱమున్నది’ యన్నప్పుడే సత్యాసత్యవిచారమునకుఁ దావు గలుగును. అట్లే ‘ఇది ఫలానియూర ఫలానినాఁడు ఇట్లుండెను’ అని క్రింద వ్రాసినప్పుడు, లేక వ్రాయకున్నను వార్తాపత్రికయందో పరిశోధనపత్రికయందో ఉంచుటచే ఆ యర్థమును తోఁపించినప్పుడు, బొమ్మ వాక్యమగును. వాక్యమునకు వక్త గలఁడు. వక్త ఆప్తుఁడా కాఁడా యనునదే ప్రామాణ్యమునకు మూలము.

జ్ఞానమునకు మీమాంసకులు స్వతఃప్రామాణ్యమును, నైయాయికులు పరతఃప్రామాణ్యమును జెప్పుదురు. లోకము నూటయెనుబదియేండ్లుగా ఛాయాచిత్రమునెడ మీమాంసకమతమునే నడపినది. బాధకము కనఁబడువఱకు నమ్మినది. ఇప్పుడు నైయాయికమతమును నడపవలసివచ్చినది. గుణము తెలిసిన తరువాతనే నమ్మవలసియున్నది. అయితే సందేహమునకును ఒక మేర యుండవలెను. చిత్రములన్నియుఁ గల్పితములే యనువాదము ప్రబలినచో, నిజముగాఁ దప్పుచేసి చిత్రమునకుఁ జిక్కినవాఁడు సైతము ‘అది కల్పితము’ అని తప్పించుకొనును. సందేహము అబద్ధమునెంత దండించునో నిజమును నంత దండించును. కావున నందఱిని శంకించుట మార్గము కాదు. వక్తయొక్క మాటను వ్రాతమూలముగాఁ బుచ్చుకొనుట మార్గము. మన న్యాయశాసనమును నిట్లే చేసినది. 1872 నాటి సాక్ష్యచట్టమునకు మాఱుగా 2024 జూలై 1వ తేదినుండి యమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగమున, ఎలక్ట్రానిక్ దాఖలాతోఁ గూడ దానికి బాధ్యుఁడగువాని ధ్రువపత్రమును గోరుచున్నది. ఆ దాఖలానుండి గణితవిధిచేఁ బుట్టించిన యంకెలముద్రను గూడ నందుఁ జూపవలెను. దాఖలాలో నొక చుక్క మాఱినను ఆ ముద్ర మాఱును. బొమ్మ తనంతఁ దాను సాక్ష్యము చెప్పదనియు, దానికై యొక మనుష్యుఁడు మాటయీయవలెననియు దీని భావము.

వాక్యముగా నుద్దేశింపఁబడని చిత్రములు వేఱు. వానికీ నియమము పట్టదు. శంకుకుఁడు చెప్పిన చిత్రతురగన్యాయము పండితులకుఁ దెలిసినదే. చిత్రములోని గుఱ్ఱమును జూచి ‘గుఱ్ఱము’ అనువాని జ్ఞానము సమ్యగ్‌జ్ఞానమును గాదు, మిథ్యాజ్ఞానమును గాదు, సంశయమును గాదు, సాదృశ్యమాత్రమును గాదు. మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల యిండ్లలో గతించిన పెద్దల పటములను జూడుఁడు. జీవించియుండఁగా ఒంటరిగా ఫొటో తీయించుకొనని తల్లికి, రేషనుకార్డులోని చిన్నబొమ్మనో పెండ్లిగుంపులోని ముఖమునో తీసి, పెద్దదిచేసి, పట్టుచీర కట్టించి, వెనుక నీలాకాశమునుంచి, స్టూడియోవారు పటము కట్టి యిత్తురు. కుమారుఁడు దానికి దండవేసి నమస్కరించును. తల్లి యా చీర నెన్నఁడును గట్టలేదని వానికిఁ దెలియును, ఊరికిఁ దెలియును. అచట నెవ్వరును వంచితులు గారు. అది భక్తి, సాక్ష్యము కాదు.

అయినను చిత్రము స్థానము మాఱవచ్చును. శాకుంతలము ఆఱవయంకమున దుష్యంతుఁడు శకుంతలచిత్రమును తానే వ్రాసినాఁడు. చిత్రమున బాగుగా లేనిదానిని వేఱువిధముగా దిద్దుదురను మాటను గూడఁ దానే చెప్పినాఁడు. ఇంకను ఏమేమి వ్రాయవలెనో లెక్కించినాఁడు. ఇంత యెఱిఁగినవాఁడు, తుదకు చిత్రములోని తుమ్మెదను నిజపుఁదుమ్మెదయనుకొని దానిని అదలించినాఁడు. ఇది చిత్రమని విదూషకుఁడు గుర్తుచేయవలసివచ్చెను. దిద్దినవాఁడే దిద్దుబాటును మఱచునప్పుడు ఇతరుల మాటయేమి? ఇంటి గోడపైనున్న పటమును ఏఁబదియేండ్లపిమ్మట మనుమఁడు తీసి, ఆ కాలపుఁ గట్టుబొట్టులకు ప్రమాణమని మనవంటివారికిఁ బంపినచో, భక్తి సాక్ష్యమైపోవును. కావున పటము వెనుక నొక్కపంక్తి వ్రాసియుంచుట స్టూడియోవారికిఁ గాని యింటివారికిఁ గాని భారము కానేరదు.

మార్పు సత్యమునకు శత్రువే యని పైమాటలవలన నెవరైన ననుకొందురేమో. అట్లు కాదు. కొన్నియెడల మార్పులేనిదే సత్యము కనఁబడదు. శిలాశాసనమును ఎండలో నెదురుగాఁ దీసిన చిత్రమున నక్షరములు దొరకవు. ప్రక్కనుండి వెలుఁగు పాఱినప్పుడే గుంటలు నీడలతో తేలును. ఆర్కిమిడీసుని గణితగ్రంథము వ్రాసియున్న పదవశతాబ్దపు చర్మపత్రములను 1229లో గీఁకి, వానిపైఁ బ్రార్థనలు వ్రాసిరి. 1998లో వేలమున నమ్ముడుపోయిన యా పుస్తకమును బాల్టిమోరునగరపు వాల్టర్స్ ప్రదర్శనశాలయందు పరిశోధించి, పలురంగుల వెలుఁగులలోఁ దీసిన చిత్రములను కంప్యూటరుతో సంధించి, మఱుగుపడిన వ్రాతను చదివిరి. అందుఁ గనఁబడు రంగులు ఏ కంటికిని గనఁబడినవి కావు. అయినను ఆ చిత్రములు సత్యములు. ఏలయన నేయే వెలుఁగులోఁ దీసినదియు, ఎట్లు సంధించినదియు వారు చెప్పిరి, మూలచిత్రములను 2008లో లోకమున కెల్ల నిచ్చివేసిరి. ఆ పుస్తకముననే కొన్ని పుటలమీఁద 20వ శతాబ్దమున నెవఁడో వెలపెంచుటకై బంగారుఱేకులతోఁ బ్రాచీనచిత్రములను బోలు బొమ్మలను వేసెను. ఆ యందముక్రింద ఆర్కిమిడీసుని పంక్తులు మునిఁగిపోయినవి. వానిని చదువుటకు ఎక్సుకిరణములు కావలసివచ్చినవి. మార్పు వెలికిఁ దీయుటకును బనికివచ్చును, పాతిపెట్టుటకును బనికివచ్చును. మార్పెంత యనునది కాక, మార్పువలన మూలము దగ్గఱయైనదా దూరమైనదా యనునదే చూడఁదగినది.

మన దేశమున శాసనములకుఁ బ్రతులు తీసిన చరిత్రయు నిదే నేర్పుచున్నది. మెకంజీదొర కాలమునఁ గావలి సోదరులు మున్నగువారు శాసనములను కంటితోఁ జూచి చేతితో నెత్తివ్రాయించిరి. ఆ శ్రమ పూజ్యము. కాని చదువలేనిచోట నూహ చేరుట తప్పదు. తరువాత మసియచ్చు వచ్చినది. శిలను కడిగి, తడికాగితమును పఱచి, గట్టి కుంచెతోఁ గొట్టి కాగితమును గుంటలలోనికి దించి, పైన మసిపూయుదురు. గుంటలకు మసి యంటదు గనుక నల్లని నేలపై తెల్లని యక్షరములు నిలుచును. ఇందు చేయి పనిచేయును గాని యూహ పనిచేయదు. అయితే ఆ యచ్చుమీఁదనే యెవఁడైనఁ గుంచెపట్టి, అతుకని యక్షరములను తెల్లరంగుతో నతికించినచో మరల నూహ ప్రవేశించును. అంతకంటెఁ గీడు, అచ్చువేషముతోఁ బ్రవేశించును. ఎత్తివ్రాసిన ప్రతిని చదువరి శంకతోఁ జూచును. దిద్దిన యచ్చును విశ్వాసముతోఁ జూచును. నేఁటి సాఫ్టువేరు చేయునది యీ కుంచెపనియే.

శ్రీముఖలింగపు టాలయముల శాసనములను పర్లాకిమిడి ఉపాధ్యాయులగు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) శ్రమించి చదివి, గాంగుల కళింగనగరము ఆ చోటనే యని వాదించిరి. ముఖలింగ శ్రీకూర్మ శాసనముల పాఠములు పిమ్మట దక్షిణభారత శాసనసంపుటములలో నైదవదానియందు 1925లో నచ్చుపడినవి. ఆ పాఠమునం దెచ్చటనైన సందేహము గలిగినవాఁడు నేఁడును బస్సెక్కి ముఖలింగమునకుఁ బోయి స్తంభమునే చూడవచ్చును. కాని శిల శాశ్వతము కాదు. ఉప్పుగాలి తినును, సున్నము కప్పును, జీర్ణోద్ధారమునఁ బలకలు మాఱును. ఒకనాఁడు చిత్రమే మిగులును. ఆ నాఁటి చదువరికి మన మేమి మిగుల్చుచున్నామనునదే యిచ్చటి యసలు ప్రశ్న.

‘దిద్దినట్లు చెప్పినఁ జాలును గదా’ యను సమాధానము వినఁబడుచున్నది. పటములకును వార్తలకును అది చాలవచ్చును. మూలద్రవ్యమునకు సాక్షియగు చిత్రమునకుఁ జాలదు. ఏలయన యంత్రము తనకుఁ దెలిసిన రూపముతోనే లోపమును పూడ్చును. ఇది క్రొత్త దోషము కాదు, లేఖకదోషములలోఁ బ్రాచీనమైనది. అపూర్వమగు మాట యెదురైనప్పుడు లేఖకుఁడు తనకుఁ బరిచితమగు మాటను వ్రాయును. చంద్రునిమచ్చలు సమకూర్చిన ఫోను అట్టి లేఖకుఁడే. నా ‘చెలువు’ను వ్రాసినదియు నట్టి లేఖకుఁడే. నన్నయకుఁ బూర్వపుఁ దెలుఁగుశాసనములలో ‘ఴ’ యను నక్షరమొకటి గలదు. చోఴశబ్దమునందలి యా యక్షరము కాలక్రమమున వాడుకనుండి తొలఁగి, చోడ, చోళ యను రూపములు నిలిచినవి. కంప్యూటరు లిపిపట్టికయగు యూనికోడునందు దానికిఁ జోటు దొరకినది 2014లోనే. నేఁటి యక్షరములను మాత్రమే నేర్చిన యంత్రమొకటి ఆ శాసనముల చిత్రములను ముందే శుభ్రపఱచియుండినచో, ఆ ‘ఴ’లన్నియు డకారములో ళకారములో అయి మన కన్నులఁ బడియుండును. అట్టి యక్షరముండెనన్న యెఱుకయే మనకుఁ గలిగియుండదు. ‘ఈ చిత్రము దిద్దఁబడినది’ యని క్రింద వ్రాసినంతమాత్రమున పోయిన యక్షరము తిరిగిరాదు. మూలచిత్రమును దాఁచియుంచినచో మాత్రమే వచ్చును.

ఇంతవఱకు యంత్రమును నిందించితిని. ఇఁక మన పండితకులమును గూర్చి యొకమాట చెప్పక తప్పదు. ఛాయాచిత్రమును దిద్దుటకును గ్రంథమును బరిష్కరించుటకును మన భాషలో ‘సంస్కరణ’ మను నొక్కటే మాట యుండుట యాదృచ్ఛికము కాదు. తాళపత్రమున నున్న ‘అసాధు’ ప్రయోగమును సాధువుగా మార్చి, పాఠాంతరమును సూచింపక, అచ్చువేయించిన పరిష్కర్తలు మనలో లేరా? రామమూర్తి పంతులుగారు గద్యచింతామణి మొదలగువానియందుఁ బూర్వుల వచనప్రయోగములను ఉన్నవి యున్నట్లు చూపి వాదించినప్పుడు మనవారిలోఁ బెక్కండ్రు కోపగించిరి. వారి వ్యావహారికవాదమును నేనును సమ్మతింపలేదు. ఈ వ్యాసపు భాషయే అందులకు సాక్షి. కాని ప్రతిలోనున్నది ప్రతిలోనున్నట్లు చూపవలెనన్న వారి పట్టుదలకు వైయాకరణుఁడు తల వంచవలెను. వ్యాకరణము ప్రయోగమును వివరించుటకుఁ బుట్టినది. ప్రయోగమును మాయముచేయుటకుఁ గాదు.

సంస్కరణ మెట్లుండవలెనో చూపు నిదర్శనములును మన విజయనగరముననే గలవు. మాక్స్‌ముల్లరుగారి సాయణభాష్యసహిత ఋగ్వేదముయొక్క రెండవ ముద్రణము (1890–92) ఆనందగజపతి మహారాజుగారి ద్రవ్యసాహాయ్యముచే వెలువడినది. అందు సంపాదకుఁడు ప్రతులను బేర్కొని పాఠభేదములను జూపెను. చదువరి యాతని నిర్ణయమును త్రోసిపుచ్చి వేఱుపాఠమును గ్రహించుటకు వలయు సామగ్రి యచటనే కలదు. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమును 1897లో నచ్చువేయించి, 1909లో దానిని మిక్కిలి పెంచి, మార్చి, రెండవకూర్పుగాఁ బ్రకటించిరి. మార్పులు స్వల్పములు కావు. నాటకమే క్రొత్తదైనదన్నఁ జెల్లును. అయినను ఎవరును దానిని వంచనయనలేదు. రెండవదానికి రెండవదని పేరు గలదు. మొదటిది నేఁటికిని నిలిచియున్నది. ఎంత మార్చినను దోషము లేదనుటకును, ఏమాత్రము దాఁచినను దోషమనుటకును ఇంతకంటె దగ్గఱ నిదర్శనము నాకుఁ దోఁపదు.

కావున నా నిర్ణయమును సంగ్రహముగాఁ జెప్పెదను. డిజిటల్ సంస్కారమువలన మాత్రమే ఛాయాచిత్రము అసత్యము కాదు. సంస్కారము లేనంతమాత్రమున సత్యమును గాదు. అలంకారముగాఁ జూపఁబడు చిత్రమునకు స్వేచ్ఛ కలదు. అది సాక్ష్యముగా మాఱినప్పుడు పట్టుకొనుటకై గుర్తు మాత్రము కావలెను. వార్తగాఁ జూపఁబడు చిత్రమున వెలుఁగును సరిచేయవచ్చును. ఆగమ నాశ విపర్యయములు కూడవు, చూచువాని తీర్పును త్రిప్పు వికారమును గూడదు. మూలద్రవ్యమునకు సాక్షిగా నిలుచు చిత్రమును, శాసనమైనను తాళపత్రమైనను, రెండుగా నీయవలెను: తీసినది తీసినట్లొకటి, చదువుటకై శుభ్రపఱచినది యొకటి. రెండవదానిక్రింద నేమి చేయఁబడినదో, ఎవరు చేసిరో యుండవలెను. బెజ్జము బెజ్జముగనే కనఁబడవలెను. ఊహించిన యక్షరము కుండలీకరణములలో నచ్చుపాఠమున నుండవలసినదే కాని బొమ్మలోఁ జేరఁగూడదు. మన పరిషత్పత్రిక యీ నియమమును అంగీకరించి, చిత్రములు పంపువారికి నివేదించునని నా ప్రార్థన. పుటలు కొంచెము నల్లఁగా, మచ్చలతో నుండును. ఉండనిండు.

ఇఁక నా ‘చెలువు’ సంగతి. సభలోఁ జదివిన వ్యాఖ్యను ఇందుమూలముగా నుపసంహరించుకొనుచున్నాను. ‘చెఱువు’ అనియు నిశ్చయించి చెప్పను. తూము దానికి సాధకమే కాని, ఆకుపై నక్షరము లేదు. ‘ఊరి చె[.]వు’ అని చదివి, లోపమును లోపముగా నుంచుచున్నాను. ఆ గ్రంథమునకే మఱియొక ప్రతి యెవ్వరియింటనైన నున్నచో, దయయుంచి, శుభ్రపఱుపక, ఉన్నదున్నట్లు చిత్రము తీసి పంపవలెనని చదువరులను వేఁడుచున్నాను.